బడి ఫుట్‌బాల్ శిక్షణ బాగుందా? కోచ్ గురించి వాదనకు దిగే ముందు చూడవలసినవి, లెక్కించవలసినవి

వానాకాలం మొదలై పాఠశాలల మధ్య ఫుట్‌బాల్ పోటీలు ఊపందుకోగానే హైదరాబాద్‌లోని అనేక హైస్కూళ్ల గేట్ల దగ్గర తల్లిదండ్రుల మధ్య ఒకే రకమైన వాదన నడుస్తుంది. రెండో రౌండ్‌లోనే ఓడిపోయాం కాబట్టి కోచ్‌ను మార్చాలని ఒకరు అంటారు. పిల్లలు బాగానే ఆడారు, ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే డ్రా కలిసిరాలేదని మరొకరు అంటారు. మా వాడిని ఆడించి ఉంటే గెలిచేవాళ్లమని మనసులో ఉన్న మూడో మనిషి పైకి మాత్రం జట్టు కూర్పు గురించి మాట్లాడతాడు. సికింద్రాబాద్‌లోని ఒక పాఠశాలలో మొదట తండ్రిగా, తర్వాత క్రీడా కమిటీ సభ్యుడిగా 11 ఏళ్ల పాటు నేను ఈ వాదనల్లో పాల్గొన్నాను. తప్పుడు తీర్పుల్లో నా ఓటు కూడా ఉంది. ఆ అనుభవంతో నాకు కుదిరిన అభిప్రాయం ఇది: పిల్లల శిక్షణ గురించి వాదించడం తప్పు కాదు, అవసరం, అయితే ఆ వాదన మ్యాచ్ స్కోరుతో మొదలైతే ఎటూ తేలదు, ప్రాక్టీస్ మైదానంలో రాసుకున్న కాగితంతో మొదలైతే తేలుతుంది. ఆ కాగితంలో ఏం రాయాలో, దాన్ని పట్టుకుని ఎవరితో ఎలా మాట్లాడాలో ఇక్కడ వివరిస్తాను.

కోచ్ వేరు, వ్యవస్థ వేరు

మొదట చేయవలసిన పని, మీరు దేని గురించి వాదిస్తున్నారో తేల్చుకోవడం. ప్రాక్టీస్ జరిగే గంటలో పిల్లలకు ఏం నేర్పుతున్నారు, ఎలా నేర్పుతున్నారు, వారితో ఎలా మాట్లాడుతున్నారు అన్నవి కోచ్ బాధ్యతలు. ఆ గంట అసలు ఉందా, మైదానం ఎవరి ఆధీనంలో ఉంది, బంతులు ఎన్ని, పరీక్షల ముందు ఆట ఆపేస్తారా, ఆరో తరగతి పిల్లలకు జట్టు ఉందా, కోచ్ జీతం నెలనెలా అందుతోందా అన్నవి వ్యవస్థకు సంబంధించిన విషయాలు. వాటికి యాజమాన్యమూ ప్రిన్సిపాలూ జవాబు చెప్పాలి, కొంతవరకు తల్లిదండ్రులమూ చెప్పాలి. నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం వ్యవస్థ లోపాన్ని కోచ్ మీద వేయడం వల్ల పుట్టినవే.

ఈ తేడా అర్థం కావడానికి మన నగర చరిత్రే చాలు. 1909లో ఇక్కడ పుట్టి 1963లో కన్నుమూసిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేసి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొందిన మనిషి. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు అప్పట్లో దేశంలోని పెద్ద టోర్నమెంట్లలో ఒకటైన రోవర్స్ కప్‌ను వరుసగా ఐదుసార్లు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ చేరింది. రహీం సాబ్ ప్రతిభ గురించి రెండో మాట లేదు. అయితే ఆయన వెనుక ఆటగాళ్లకు ఉద్యోగం ఇచ్చిన పోలీసు శాఖ ఉంది. ఏళ్ల తరబడి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఆయనే ఉండటం వల్ల కుర్రవాళ్లకు టోర్నమెంట్లు ఏర్పాటు చేసే అధికారమూ ఆయన చేతిలోనే ఉంది. గొప్ప కోచ్, నిలకడగల వ్యవస్థ ఒకేచోట కలిసిన అరుదైన కాలం అది.

కలవకపోతే ఏమవుతుందో ఈ మధ్యే చూశాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. రెండేళ్లు తిరగకముందే జీతాల చిక్కులు ముదిరి, పేరున్న ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, 2023-24 సీజన్‌లో అదే క్లబ్ పట్టికలో చివరి స్థానంలో నిలిచింది. మిగిలిన కుర్రవాళ్లతో ఆ సీజన్ పూర్తిచేసిన కోచ్‌ను ఆ చివరి స్థానం చూసి చేతకానివాడని అనడం న్యాయం అవుతుందా? మీ బడి జట్టు విషయంలోనూ ముందుగా ఇదే ప్రశ్న వేసుకోవాలి.

వేసుకున్నాక, వ్యవస్థ ఇచ్చిన సమయాన్ని లెక్క కట్టండి. వారానికి 3 రోజులు, రోజుకు ఒక గంట ప్రాక్టీస్ అని బడి బ్రోచర్‌లో రాస్తారు. జూన్ నుంచి ఏప్రిల్ వరకు సాగే విద్యా సంవత్సరంలో దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షల వారాలు, మైదానం బురదయ్యే వాన రోజులు తీసేస్తే నికరంగా 27 వారాలు మిగిలాయనుకుందాం. అంటే 81 గంటలు. ప్రతి గంటలో బూట్లు వేసుకుని గుమిగూడటానికి పావుగంట పోతే అసలు ఆట 60 గంటలకు కాస్త అటూఇటూగా తేలుతుంది. పదో తరగతి పిల్లవాడు రోజుకు 2 గంటల చొప్పున ట్యూషన్‌లో నెల రోజుల్లో గడిపే సమయమది. ఏడాదంతటికీ ఆ మాత్రం సమయమే ఇచ్చి జిల్లా కప్పు తెమ్మని కోచ్‌ను అడిగే ముందు ఈ లెక్కను యాజమాన్యం ముందు పెట్టాలి. మీ బడి అంకెలు వేరుగా ఉంటాయి. హాజరు పుస్తకం అడిగి తీసుకుంటే గంట సేపట్లో తేలిపోతాయి.

మ్యాచ్ కంటే ముందు ప్రాక్టీస్ చూడండి

కోచ్ నాణ్యత గురించి నిజమైన సమాచారం దొరికేది ఇక్కడే, అందుకే దీనికి ఎక్కువ సమయం ఇవ్వమని కోరుతున్నాను. ప్రిన్సిపాల్‌తోనూ కోచ్‌తోనూ ముందే చెప్పి, అనుమతి తీసుకుని, వేర్వేరు వారాల్లో కనీసం నాలుగు సెషన్లు కూర్చుని చూడండి. చేతి గడియారం, చిన్న నోట్‌బుక్ చాలు. పిల్లలను వీడియో తీయకండి. మీ బిడ్డను చూడటం మానేయండి, ఇది చెప్పినంత సులభం కాదు. జట్టులో అందరికంటే బాగా ఆడేవాడిని కూడా కాదు, మధ్యస్థంగా ఆడే ఒక పిల్లవాడినో పిల్లనో ఎంచుకుని, 10 నిమిషాల్లో ఆ బిడ్డ కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో గీతలు గీయండి. తర్వాత వరుసలో నిలబడి ఎదురుచూసిన సమయం రాయండి.

ఒక ఉదాహరణ చెబుతాను. 20 మంది పిల్లలు ఒకే వరుసలో నిలబడి ఒకే గోల్‌లోకి షాట్లు కొడుతున్నారనుకోండి. ఒక్కో షాట్‌కు 20 సెకన్లు పడితే, ఒకసారి కొట్టిన పిల్లవాడికి మళ్లీ వంతు రావడానికి 400 సెకన్లు, అంటే దాదాపు ఏడు నిమిషాలు. 20 నిమిషాల డ్రిల్‌లో అతడు కొట్టేది మూడు షాట్లు. అదే పిల్లలను నలుగురేసి చొప్పున ఐదు గుంపులు చేసి, నాలుగు గుంపులను చిన్న గళ్లలో ఒకదానితో ఒకటి ఆడించి, ఐదో గుంపును గోల్ దగ్గర షాట్లకు పంపి, ఐదు నిమిషాలకోసారి మారిస్తే, అదే సమయంలో ప్రతి బిడ్డకూ బంతి పదుల సార్లు అందుతుంది. దీనికి ఎక్కువ డబ్బు అక్కరలేదు. మూడు బంతులు, కొన్ని ప్లాస్టిక్ కోన్‌లు, ముందు రోజు రాత్రి పది నిమిషాల ఆలోచన చాలు. ఆ ఆలోచన జరిగిందో లేదో మైదానంలో మొదటి ఐదు నిమిషాల్లోనే కనిపిస్తుంది. కోచ్ వచ్చేసరికే కోన్‌లు పెట్టి ఉన్నాయా, లేక పిల్లలను రౌండ్లు కొట్టమని పంపి అప్పుడు ఆలోచిస్తున్నారా అన్నది గమనించండి. పరుగు అవసరమే. కానీ గంటలో పాతిక నిమిషాలు బంతి లేని పరుగే అయితే ఆ బడిలో నేర్పుతున్నది అథ్లెటిక్స్ అని నేను నిర్మొహమాటంగా చెబుతాను.

తర్వాత చెవులు ఉపయోగించండి. పిల్లవాడు తప్పు పాస్ ఇచ్చినప్పుడు కోచ్ నోటి నుంచి వచ్చే మొదటి మాట రాసుకోండి. "కళ్లు కనబడట్లేదా" అని అరిస్తే ఆ బిడ్డకు తెలిసేది తప్పు జరిగిందని మాత్రమే, అది అతడికి ముందే తెలుసు. ఆట ఆపి, "బంతి నీ దగ్గరికి రాకముందు ఎటు చూశావు?" అని అడిగితే ఒక అలవాటు మొదలవుతుంది, ఎందుకంటే బంతి అందుకోవడానికి ముందే తల తిప్పి చుట్టూ చూసుకోవడం ఈ వయసులో పట్టుబడవలసిన పనుల్లో ముఖ్యమైనది. గొంతు పెద్దదా చిన్నదా అన్నది నేను పట్టించుకోను. గొంతు పెంచి ప్రేమగా నేర్పే మాస్టార్లను చూశాను, మెత్తగా మాట్లాడుతూ ఏమీ నేర్పనివాళ్లనూ చూశాను. మాటలో సమాచారం ఉందా లేదా అన్నదే కొలత.

రెండో కాలి గురించి కూడా రాసుకోండి. కుర్రవాళ్ల కోసం డ్రిబ్లింగ్ చేయకూడని టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడవలసిన టోర్నమెంట్లు రహీం సాబ్ ఇదే నగరంలో పెట్టారు. ఒక నియమం మార్చితే పిల్లవాడికి ఉపన్యాసం ఇవ్వకుండానే కొత్త అలవాటు వస్తుందన్న ఆలోచన అందులో ఉంది. మీ కోచ్ చిన్న ఆటల్లో ఇలాంటి నియమాలు పెడుతున్నారా? రెండు టచ్‌ల్లోనే పాస్ ఇవ్వాలి, ఎడమ కాలి గోల్‌కు రెండు పాయింట్లు అన్నట్లు ఏదైనా కనిపిస్తే, ఆ మనిషి ఆలోచించి వస్తున్నారని నమ్మవచ్చు. గోల్‌కీపర్‌ను కూడా చూడండి. చాలా బళ్లలో ఆ అబ్బాయి గంటంతా షాట్లకు ఎదురు నిలబడటమే తప్ప, పడటం ఎలాగో, బంతి పట్టడం ఎలాగో అతడికి ఎవరూ చూపించరు.

నేల సంగతి మరచిపోకూడదు. మన నగరంలో చాలా బడి మైదానాలు గట్టి మొరం నేలలు. బంతి ఎత్తుగా, వంకరగా ఎగురుతుంది, పడితే మోకాలు చెక్కుకుపోతుంది. అలాంటి నేల మీద నేల పాసులతో ఆడించడం కష్టం కాబట్టి కొందరు కోచ్‌లు బంతిని దూరం కొట్టించి వెంటపడమంటారు. దాన్ని వెంటనే అజ్ఞానం అనకండి. అయితే అదే కోచ్‌కు వారానికి ఒక గంట గల్లీ చివరి టర్ఫ్‌ను అద్దెకు ఇప్పించి, అక్కడ ఏం నేర్పుతారో చూడండి. అక్కడా అదే దూరపు తన్ను అయితే అప్పుడు తప్పు నేలది కాదు.

సర్టిఫికెట్ల విషయం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. కోచింగ్‌లో డి నుంచి సి, బి, ఎ, ప్రో వరకు మెట్లుగా లైసెన్సులు ఉన్నాయి. బడిలో పనిచేసే వ్యక్తికి కనీసం డి ఉంటే మంచిదే; పిల్లల వయసుకు తగ్గ సెషన్‌ను ఎలా సిద్ధం చేయాలో ఆ శిక్షణలో నేర్పుతారు. లైసెన్సు లేని వ్యాయామోపాధ్యాయుడిని అందుకే తోసిపుచ్చడం మాత్రం సరికాదు. ఉదయం ప్రార్థన క్రమశిక్షణ నుంచి ఖోఖో, కబడ్డీ, వార్షికోత్సవం డ్రిల్ వరకు అన్నీ ఒకే పీఈటీ మీద ఉన్న బళ్లలో, ఆయనను లైసెన్సు కోర్సుకు పంపి ఆ ఖర్చు భరించమని యాజమాన్యాన్ని అడగడమే తల్లిదండ్రులు చేయదగిన పని.

ఫలితాలను చదవడం

స్కోర్లు అబద్ధం చెప్పవు, కానీ ఒక్క స్కోరు చాలా తక్కువ చెబుతుంది. బడి పోటీలు ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో జరుగుతాయి. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. 1960 నుంచి జరుగుతున్న, దేశంలోని పాఠశాలల జట్లు తలపడే సుబ్రతో కప్‌కు ఒక బడి చేరాలంటే కింది స్థాయి నుంచి ఒక్కో మెట్టూ గెలుస్తూ రావాలి, ఆ దారిలో క్రీడా పాఠశాలల జట్లు కూడా ఎదురవుతాయి. హకీంపేటలో ఉంటున్న క్రీడా పాఠశాల పిల్లలు రోజూ ఉదయం సాయంత్రం సాధన చేస్తారు, మన పిల్లలు వారానికి మూడు గంటలు ఆడతారు. ఆ ఇద్దరూ తలపడినప్పుడు 0-2 తేడాతో ఓడటం కొన్నిసార్లు మంచి శిక్షణకే నిదర్శనం.

కాబట్టి మ్యాచ్‌కు ఒక పేజీ చొప్పున కేటాయించి, ప్రత్యర్థి ఎవరు, గోల్ ఏ నిమిషంలో పడింది, ఎలా పడింది, చివరి పావుగంటలో ఎంతమంది బెంచి పిల్లలు మైదానంలో ఉన్నారు అన్న నాలుగు విషయాలు రాయండి. పది మ్యాచ్‌ల పేజీలు చేరాక ఒక తీరు కనిపిస్తుంది. ఇచ్చిన గోల్స్‌లో ఎక్కువ భాగం చివరి పది నిమిషాల్లోనివైతే ఓపిక చాలడం లేదు, లేదా అలసినవారిని మార్చడం లేదు. ఎక్కువ భాగం కార్నర్ల నుంచీ ఫ్రీకిక్‌ల నుంచీ పడితే ఎవరు ఎవరిని కాపలా కాయాలో ప్రాక్టీస్‌లో చెప్పలేదని అర్థం; దీన్ని నాలుగైదు సెషన్లలో సరిదిద్దవచ్చు కాబట్టి, చెప్పాక కూడా మారకపోతే అది కోచ్ ఖాతాలో వేయదగిన లోపమే. మనం కొట్టిన గోల్స్ అన్నీ ఒకే పొడుగాటి అబ్బాయి పరుగెత్తి కొట్టినవైతే, అతడు పదో తరగతి దాటిన ఏడాది ఏమవుతుందో ఇప్పుడే అడగాలి.

వయసు గురించి ఇక్కడే మాట్లాడాలి, ఎందుకంటే మన ఫుట్‌బాల్‌ను లోపలి నుంచి తినేస్తున్న చెద అదే. అండర్-14, అండర్-17 జట్లలో రెండేళ్లు పెద్దవాళ్లను దించి కప్పులు గెలవడం కొత్త కాదు. అందుకే పెద్ద పోటీల్లో మణికట్టు ఎక్స్‌రేతో ఎముకల వయసు పరీక్షించే పద్ధతి వచ్చింది. నా సొంత అనుభవం ఇది. ఒక ఏడాది మా జట్టు 0-4 తేడాతో ఓడినప్పుడు, ఆరేళ్లుగా ఆరో తరగతి నుంచి పిల్లలను తీర్చిదిద్దుతున్న మాస్టారిని తొలగించాలని కమిటీలో ఓటు వేసినవారిలో నేనూ ఉన్నాను. తర్వాత వచ్చిన కోచ్ మరుసటి ఏడాదే షీల్డు తెచ్చారు. ఆ జట్టులో ఆ జూన్‌లోనే కొత్తగా చేరిన ఐదుగురు అబ్బాయిలు ఉన్నారు, వారికి మీసాలు వచ్చేశాయి. మేము చప్పట్లు కొట్టాం. మూడో ఏడాదికి ఆ ఐదుగురూ వెళ్లిపోయారు. చిన్న తరగతుల ప్రాక్టీస్‌ను కొత్త కోచ్ మొదటి ఏడాదే ఆపేయడంతో, ఎనిమిదో తరగతిలో ఒక జట్టుకు సరిపడా పిల్లలు కూడా లేరు. షీల్డు ప్రిన్సిపాల్ గది బీరువాలో ఉంది. ఆ మాస్టారి దగ్గర ఆట నేర్చుకోవలసిన రెండు బ్యాచ్‌ల పిల్లలకు మేము చేసిన అన్యాయాన్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మోసం లేకపోయినా వయసు ఇంకో రకంగా తప్పుదారి పట్టిస్తుంది. జనవరి 1 కటాఫ్ ఉన్న పోటీలో జనవరిలో పుట్టిన బిడ్డకూ డిసెంబర్‌లో పుట్టిన బిడ్డకూ దాదాపు ఏడాది తేడా. పదమూడేళ్ల వయసులో అది నాలుగంగుళాల ఎత్తు తేడా కావచ్చు. జట్టులోని 18 మంది పుట్టిన నెలలు వరుసగా రాసి చూడండి. మొదటి మూడు నెలలవారే నిండిపోతే, కోచ్ ఆటను కాకుండా ఒడ్డూ పొడుగూ చూసి ఎంపిక చేస్తున్నారన్న అనుమానానికి ఆధారం ఉన్నట్లే.

ఇక విజయానికి నేను అన్నిటికంటే ఎక్కువ బరువు ఇచ్చే కొలత: ఆరో తరగతిలో మొదలుపెట్టిన పిల్లల్లో తొమ్మిదో తరగతికి ఎంతమంది మిగిలారు? 30 మందితో మొదలై 20 మంది ఇంకా ఆడుతుంటే, ఆ కోచ్ ఒక్క కప్పు తేకపోయినా నేను ఆయన పక్షాన నిలబడతాను. 30లో 8 మందే మిగిలితే, మానేసిన 22 మంది ఇళ్లకు వెళ్లి కారణం అడగాలి. కోచ్ తిట్టారని కొందరు, ఎప్పుడూ బెంచీయేనని కొందరు, మార్కులు తగ్గాయని చాలామంది చెబుతారు. ఆడపిల్లలను విడిగా లెక్కించండి. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ భారత మహిళల జట్టుకు ఆడుతున్న కాలంలో, బట్టలు మార్చుకోవడానికి గది లేకపోవడం వల్ల, లేదా చీకటి పడేవరకు ప్రాక్టీస్ పెట్టి ఇంటికి చేర్చే ఏర్పాటు చేయకపోవడం వల్ల మన బళ్లలో అమ్మాయిలు ఎనిమిదో తరగతిలోనే ఆట మానేయడం నాకు మింగుడుపడదు. ఈ రెండూ కోచ్ తీర్చగలిగే సమస్యలు కావు.

పదో తరగతి తర్వాత పరిస్థితి ఇంకా కఠినం. ఇంటర్‌లో చేరగానే ఉదయం నుంచి రాత్రి వరకు ఐఐటీ, నీట్ తరగతులు. చాలా కార్పొరేట్ కాలేజీ భవనాలకు ఆటస్థలమే ఉండదు. అంటే బడి కోచ్ నాలుగేళ్లు నేర్పిన ఆట పదహారో ఏట ఆగిపోతుంది. మంచి వ్యవస్థ ఉన్న బడి ఈ గోడను ముందే చూసి, తొమ్మిదో తరగతిలోనే పిల్లలను ఏదో ఒక స్థానిక క్లబ్‌కు పరిచయం చేస్తుంది, ఆదివారం ఉదయాల్లో పాత విద్యార్థులకు మైదానం తెరిచి ఉంచుతుంది. మీ బడి నుంచి వెళ్లిన మూడు బ్యాచ్‌లలో ఇప్పటికీ వారానికి ఒక్కసారైనా బంతి తంతున్నవారు ఎందరో ఫోన్ చేసి కనుక్కోండి. ఒక సాయంత్రం పని, కానీ ఆ అంకెను మించిన సాక్ష్యం నాకు ఇంకా దొరకలేదు.

ఎప్పుడు, ఎవరితో, ఏ మాటలతో

ఓడిన రోజు మాట్లాడవద్దు. మైదానం గీత దగ్గర, పిల్లల ఎదుట, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. గ్రూపులో రాసిన మాట అరగంటలో కోచ్ ఫోన్‌కు చేరుతుంది, ఆ సాయంత్రమే మీ బిడ్డ ఆయన ముందు నిలబడాలి. రెండు రోజులు ఆగి, ముందు కోచ్‌తో ఒంటరిగా మాట్లాడండి. ఆయన దగ్గర తేలకపోతే పీఈటీ లేదా క్రీడా ఇన్‌చార్జితో, ఆ తర్వాతే ప్రిన్సిపాల్‌తో. ఆ వరుస తప్పితే సరైన మాట కూడా ఫిర్యాదులా వినిపిస్తుంది.

ప్రశ్న ఎలా వేస్తామన్నది చాలా ముఖ్యం. "మా వాడిని ఎందుకు ఆడించలేదు సార్?" అంటే కోచ్ తనను తాను సమర్థించుకోవలసి వస్తుంది. "మాస్టారూ, మా వాడు ఈ మూడు నెలల్లో ఏం మెరుగుపరచుకుంటే మీరు ఆడిస్తారు?" అని అడిగి చూడండి. నేర్పే మనిషి అయితే వెంటనే రెండు మూడు స్పష్టమైన పనులు చెబుతారు: ఎడమ కాలితో పాస్ ఇవ్వాలి, బంతి పోగానే వెనక్కి పరుగెత్తాలి అన్నట్లుగా. "ఇంకా కష్టపడాలి అండీ" అన్న జవాబు మాత్రమే వస్తే, అది మీ నోట్‌బుక్‌లో రాసుకోదగిన విషయం. కోచ్‌కు కూడా ఒక అవకాశం ఇవ్వండి: బడి నుంచి మీకు ఏం అందడం లేదని అడగండి. ఆ ప్రశ్న తనను ఇంతవరకు ఎవరూ అడగలేదని ఒక కోచ్ నాతో అన్నారు.

తల్లిదండ్రుల సమావేశంలో రెండు పక్షాలు ఏర్పడితే, వాదన మొదలుకాకముందే ఒక నియమం పెట్టుకోవడం మేలు: ఏ అంకె చూస్తే తమ అభిప్రాయం మార్చుకుంటారో ప్రతి ఒక్కరూ ముందుగా చెప్పాలి. కోచ్‌ను మార్చాలనేవారు "ఆరు నెలల్లో ప్రాక్టీస్‌లో బంతి తాకే సంఖ్య రెట్టింపు అయితే ఒప్పుకుంటాం" అనవచ్చు; ఉంచాలనేవారు "ఈ ఏడాది కూడా పదిమంది మానేస్తే మేము పట్టుబట్టం" అనవచ్చు. ఎవరు ఏమన్నారో కాగితం మీద రాసి, తేదీ వేసి, అందరికీ చదివి వినిపించండి. ఏ అంకెకూ లొంగనని చెప్పేవారు ఉంటే, వారి మాటను గౌరవంగా విని పక్కన పెట్టవచ్చు. కోచ్‌ను మార్చాలన్న నిర్ణయానికే వచ్చినా, విద్యా సంవత్సరం మధ్యలో కాకుండా ఏప్రిల్‌లో, ఆయనకు ముఖాముఖి కారణాలు చెప్పి మార్చండి. చిన్న తరగతుల ప్రాక్టీస్ ఒక్క వారం కూడా ఆగకూడదన్న షరతును కొత్త ఒప్పందంలో రాయించండి.

వాదనకు తావులేని విషయాలు

కొన్నిటికి ఏళ్ల తరబడి సమాచారం అక్కరలేదు, ఒక్కసారి జరిగితే చాలు. పిల్లలను కొట్టడం, బూతులు తిట్టడం, శిక్ష పేరుతో నీళ్లు ఇవ్వకపోవడం, అమ్మాయిలతోనో అబ్బాయిలతోనో అసభ్యంగా ప్రవర్తించడం కనిపిస్తే ఆ రోజే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు ప్రతి తల్లికీ తండ్రికీ గుర్తుండాలి. ఆ కోచ్ తెచ్చిన కప్పులు ఎన్ని అన్న మాట ఆ గదిలోకి రానీయకండి.

తలకు దెబ్బ తగిలి తూలినా, వాంతి అయినా, అడిగినదే మళ్లీ అడుగుతున్నా ఆ బిడ్డను వెంటనే బయటికి తీసుకురావాలి, డాక్టర్ చూసేవరకు మళ్లీ దించకూడదు. ఫైనల్ అయినా సరే. ఒంటిపూట బడులు మొదలైన మార్చి నెల నుంచి మధ్యాహ్నపు ప్రాక్టీస్ ఉండకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వేసవి శిబిరాలు ఉదయం ఆరింటికి మొదలై ఎండ ముదరకముందే ముగియాలి, పదిహేను నిమిషాలకోసారి నీళ్లు తాగించాలి. వార్మప్ విషయంలో, పద్నాలుగేళ్లు దాటిన ఆటగాళ్లలో గాయాలు తగ్గించడానికి ఫిఫా రూపొందించిన 11+ అనే వ్యాయామ క్రమం ఉంది. దాదాపు 20 నిమిషాలు పడుతుంది, బంతి, కొన్ని కోన్‌లు తప్ప వేరే పరికరాలు అక్కరలేదు. మీ కోచ్‌కు అది తెలియకపోతే తెలియజేయండి. తెలిసీ సమయం లేదని మానేస్తుంటే, పైన చెప్పిన 60 గంటల లెక్క పట్టుకుని సమయం కోసం యాజమాన్యం దగ్గరికి వెళ్లవలసింది మీరే.

నోట్‌బుక్‌ను మీ బిడ్డ బడి వదిలిన రోజున ఇంటికి తెచ్చుకోకండి. మా బడిలో ఇప్పుడు అది ఆరో తరగతి తల్లిదండ్రులలో ఒకరి చేతికి జూన్‌లో అందుతుంది. నాలుగేళ్ల తర్వాత వారు మరొకరికి ఇస్తారు. మొదటి పేజీలో మేము తొలగించిన మాస్టారి కాలం నాటి హాజరు లెక్క ఉంది, ఆరో తరగతిలో 34 మంది, తొమ్మిదిలో 23 మంది.